కీళ్లనొప్పికి కారణం క్యాన్సర్ మాత్రే అయితే: స్కాన్ చెప్పగలిగేదెంత?

రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, రేడియేషన్ ముగిసిన పిదప, ముట్లుడిగిన స్త్రీలలో అనేకులకు రోజుకొక మాత్ర చొప్పున కనీసం ఐదేళ్లు వాడవలసిందిగా వైద్యులు సూచిస్తారు. అనస్ట్రజోల్, లెట్రజోల్, ఎగ్జిమెస్టేన్ ఈ కోవలోని మందులు. శరీరంలో ఈస్ట్రోజన్ తయారీకి అవసరమైన అరోమటేజ్ అనే ఎంజైమును ఇవి అడ్డుకుంటాయి. ఆ హార్మోనుపై ఆధారపడి పెరిగే క్యాన్సర్ తిరగబెట్టే అవకాశం తగ్గుతుంది. కాని కొన్ని వారాలకో, నెలలకో వేళ్లు, మణికట్లు, మోకాళ్లు పట్టివేస్తాయి. తెల్లవారి లేచాక పిడికిలి బిగియదు.

ఇది అరుదైన బాధ కాదు. 2007లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ మందులు వాడుతున్న 200 మందిని విచారించగా, 47 శాతం మంది వీటి వలన కీళ్లనొప్పి కలిగిందని తెలిపారు. "వయసు వాతం" అని ఇంటివారు కొట్టివేస్తే, ఆ స్త్రీ ఎవరికీ చెప్పకుండా మాత్ర మానివేసే ప్రమాదం ఉన్నది. నొప్పి తగ్గవచ్చు, క్యాన్సర్‌కు వేసిన గడియ మాత్రం ఊడిపోతుంది.

నొప్పి ఊహ కాదని చూపినవారిలో బెల్జియంలోని లూవెన్ వైద్యులు ముఖ్యులు. చేతుల ఎమ్మారై చిత్రాలలో స్నాయుబంధనాల చుట్టూ ఉండే పొరలు దళసరెక్కి, వాటిలో నీరు చేరినట్లు వారు 2007లోనే గుర్తించారు. అదే మార్పును అల్ట్రాసౌండ్ ఇంకా చౌకగా, రేడియేషన్ లేకుండా, వేళ్లు కదులుతుండగానే చూపగలదు. డాప్లర్ సదుపాయముంటే వాపు వద్ద పెరిగిన రక్తప్రసరణ కూడా తెలుస్తుంది. మన ప్రాంతాలలో స్కాన్ అనగానే గర్భిణులే గుర్తుకు వస్తారు. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద ఈ యంత్రాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కావడం కూడా ఆ ముద్రను బలపరచింది. కీళ్లను చూడడంలో శిక్షణ పొందిన చేయి దొరకడం వేరే సంగతి. ఈ పరీక్షలో యంత్రం కన్న చూసేవారి నేర్పే ప్రధానం.

ఒక హెచ్చరిక అవసరం. స్కాన్‌లో కనిపించే మార్పుకు, నొప్పి తీవ్రతకు అన్నివేళలా పొంతన ఉండదు. రిపోర్టు "నార్మల్" అని వస్తే రోగి మాట అబద్ధమని తీర్మానించడం అన్యాయం. కీళ్లవాతం వంటి వేరొక వ్యాధి ఉన్నదేమో తేల్చుకోవడానికి స్కాన్ ఎక్కువగా అక్కరకు వస్తుంది.

చికిత్సా మార్గాలు లేకపోలేదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ అధ్యయనంలో 121 మంది పాల్గొనగా, ఏడాది పాటు క్రమబద్ధంగా వ్యాయామం చేసినవారికి నొప్పి తగ్గింది. ఒక మందు పడనివారికి అదే కోవలోని మరొకటి గాని, టామాక్సిఫెన్ గాని వైద్యులు మార్చి ఇస్తుంటారు. స్కాన్‌కు పంపే చీటీలో ఏ కీలు, ఎన్నాళ్లుగా, ఏ మాత్ర అన్న మూడూ రాయించుకుంటే, చూసేవారికి వెతకవలసిన చోటు తెలుస్తుంది.