ఆన్‌లైన్ పోకర్: మీ ఆట లెక్కంతా అవతలివాడి స్క్రీన్‌పైనే.. ఫోన్‌లో ఆడేవాళ్లే ఎందుకు మునుగుతున్నారు?

ఆన్‌లైన్ పోకర్ టోర్నమెంట్‌లో ముక్కలు అందరికీ ఒకేలా పంచుతారు. సమాచారం మాత్రం అందరికీ ఒకేలా అందదు. అసలు ఆట అక్కడే ఉంది.

పోకర్ ట్రాకర్, హోల్డెమ్ మేనేజర్ లాంటి సాఫ్ట్‌వేర్లు ప్రతి ఆటనూ రికార్డు చేస్తాయి. మీరు నూటికి ఎన్నిసార్లు డబ్బు పెట్టి దిగుతున్నారు, ఎన్నిసార్లు పందెం పెంచుతున్నారు, ఎదుటివాడు మళ్లీ పెంచితే ఎన్నిసార్లు ముక్కలు పడేస్తున్నారు.. అంతా మీ పేరు పక్కనే అంకెల్లో అతనికి కనిపిస్తుంది. ఇవి ప్రధానంగా కంప్యూటర్ల కోసం చేసినవి. ఫోన్‌లో ఆడేవాళ్లకు అతని లెక్క తెలియదు, అతనికి మాత్రం వీళ్ల లెక్క తెలుసు. జీజీపోకర్ లాంటి సైట్లు ఇలాంటి బయటి సాఫ్ట్‌వేర్లను నిషేధించాయి కూడా.

సరే, అంకెలు దొరికితే గెలిచేసినట్టేనా? కాదు. నిజంగా 25 శాతం ఆటలు ఆడే వ్యక్తి, 20 సార్లు ముక్కలు పంచితే 3 సార్లే దిగొచ్చు, 8 సార్లూ దిగొచ్చు. అంటే స్క్రీన్ మీద 15 శాతమూ కనిపించొచ్చు, 40 శాతమూ కనిపించొచ్చు. టోర్నమెంట్‌లో టేబుళ్లు మారిపోతుంటాయి, ఒకే మనిషితో వందల ఆటలు పడటం కష్టం. 20 ఆటల అంకె నమ్ముకోవడానికి, కుక్కుట శాస్త్రం చూసి కోడి మీద పందెం కాయడానికి పెద్ద తేడా లేదు!

పైగా చిప్స్ తగ్గిపోయినవాడు గతిలేక ఆల్-ఇన్ కొడతాడు. ప్రైజ్ మనీకి ఒక్క స్థానం దూరంలో ఉన్నవాడు భయంతో బిగుసుకుంటాడు. పాత సగటు అప్పుడు పనికిరాదు. ఏ అంకెను ఎప్పుడు పక్కన పెట్టాలో తెలిసినవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్ల ఎంట్రీ ఫీజులే వాళ్ల ప్రైజ్ మనీ.

మరి ఇది నైపుణ్యమే కదా, తప్పేంటి? ఈ వాదనకు మూలం మన కేసే. సికింద్రాబాద్ క్లబ్బు రమ్మీ కేసులో, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆన్‌లైన్ కంపెనీలు ఏళ్ల తరబడి దీన్నే చూపించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం ఆ తేడానే తీసేసింది. నైపుణ్యమైనా, అదృష్టమైనా డబ్బు పందెం ఉంటే నిషేధమే. నడిపేవాళ్లకు 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. పోకర్‌బాజీ, అడ్డా52 డబ్బు ఆటలు ఆపేశాయి.

ఏపీలో అయితే ఇది కొత్త కాదు. ఆడినవాళ్లకూ 6 నెలల జైలు అని 2020 సెప్టెంబర్ 3 క్యాబినెట్ తర్వాత అప్పటి మంత్రి పేర్ని నాని ప్రకటించారు. అరకులో లొకేషన్ ఆన్ చేస్తే ఈ యాప్‌లు అప్పట్నుంచే డబ్బు ఆటకు అనుమతించలేదు. కొరాపుట్ వైపు వెళ్లినా లాభం ఉండేది కాదు, ఒడిశా కూడా వాటి నిషేధ జాబితాలోనే ఉండేది.

ఇప్పుడు మిగిలింది ఫేక్ లొకేషన్, విదేశీ యాప్‌లు. అక్కడ ఎదుటి ఆటగాడి లెక్క సంగతి తర్వాత.. అవతల ఉన్నది మనిషో, బాటో తెలుసుకునే దారే లేదు. గెలిచినా డబ్బు ఇవ్వకపోతే అడిగే చోటూ లేదు. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.