పతకము దానము కాదు, ఋణము

అంగడిలో తూకము తప్పినచో రైతు ఊరకుండడు. ఆర్మూరు ప్రాంతపు పసుపు రైతునకు ఈ సంగతి ఎవ్వరును నేర్పనక్కరలేదు. తొలకరిలో దుంప నాటి, ఎనిమిది తొమ్మిది నెలలు చేనిని కాచి, త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, నిగ్గుదేల్చి నిజామాబాదు మార్కెటునకు తెచ్చిన సరకునకు తక్‌పట్టీలో పది కిలోలు తక్కువ వ్రాసినచో అతడు అడ్తిదారును నిలదీయును. త్రాసు నీది, పద్దు నీది, కావున తప్పునకు జవాబు చెప్పవలసినవాడవు నీవే యని అడుగును. పద్దు ఎవరి చేతిలో నుండునో ఋజువు భారము వారిపైననే యుండవలెననుట అంగడి ధర్మము. ఈ చిన్న ధర్మము మన రక్షణశాఖవారి కచ్చేరీలలో నేటికిని ప్రవేశింపకపోవుట మిక్కిలి విచారకరము.

మేము ప్రస్తావించునది వృద్ధ సైనికుల పతకముల సంగతి. పతకములు రెండు తెఱగులు. అసాధారణమైన సాహసమునకు ఇచ్చునవి కొన్ని. వానికి పై యధికారి సిఫారసు కావలయును, పరిశీలన జరుగవలయును. ఇచ్చుటయో మానుటయో ప్రభుత్వమువారి వివేచనము. రెండవ తెఱగువి యుద్ధసేవా పతకములు. 1965 యుద్ధమునకు సమర సేవా తార, రక్షా పతకము. 1971 యుద్ధమునకు పూర్వీ తార, పశ్చిమీ తార, సంగ్రామ పతకము ఇట్టివి. వీనికి ఎవ్వరి దయయు అక్కరలేదు. నియమములలో చెప్పిన కాలమున, చెప్పిన స్థలమున, సైనికుడు తన దళముతో నుండెనా లేదా యనునదే ప్రశ్న. ఉండెనా, పతకము అతనిది. ఇయ్యకుండుట బాకీ యెగవేయుట.

ఇక జరుగు తీరు చూడుడు. ఈ తాలూకాలోని ఒకానొక పల్లెనుండి ఇరువదియేండ్ల ప్రాయమున సేనలో చేరి, 1971 డిసెంబరులో తూర్పు సరిహద్దున నుండి, కొలది సంవత్సరములకు పింఛను లేకయే విడుదలపొంది, తిరిగి వచ్చి నాగలి పట్టినవాడొకడు కలడనుకొందము. నేడతడు డెబ్బదియైదేండ్ల వృద్ధుడు. డిశ్చార్జి పుస్తకములో పతకముల గడి ఖాళీగా నున్నది. వ్రాయవలసిన గుమాస్తా వ్రాయలేదు. పడుచుతనమున ఇతడు అడుగలేదు. మనుమడు చదువుకొన్నవాడగుటచే ఆ ఖాళీని చూచి అర్జీ వ్రాసి పంపినాడు. కొన్ని నెలలకు వచ్చు జవాబేమి? తమ సేవాపత్రములు నియమానుసారముగా నాశనము చేయబడినవి. తమయొద్ద ఆధారములున్నచో పంపవలసినది!

ఇది మా కల్పన గాదు. పింఛను లేక విడుదలైన సిపాయి సేవాపత్రములను ఇరువదియైదేండ్లు గడచిన పిమ్మట నాశనము చేయుట సైన్యపు నియమావళిలోనే యున్నది. పిమ్మట మిగులునది ఒక పొడుగు పట్టిక. అందు పేరు, సంఖ్య, చేరిన తేదీ, విడుదలైన తేదీ వంటి కొలది వివరములు మాత్రముండును. న్యాయస్థానములకెక్కిన వృద్ధ సైనికుల వ్యాజ్యములలో ప్రభుత్వ పక్షమున ఈ జవాబు ఎన్ని మారులు వినబడినదో లెక్కలేదు. కాగితమును కాల్చినవారు ఎవరు? ప్రభుత్వమువారు. కాగితము తెమ్మనువారు ఎవరు? ఆ ప్రభుత్వమువారే. తాను చించిన పత్రమును చూపుమని ఋణదాతను అడుగు ఋణగ్రస్తుని మన పంచాయతీలలో ఏమందురో మేము చెప్పనక్కరలేదు.

ఇందు మఱియొక వింత కలదు. 2021 జూన్ నెలలో రక్షణశాఖవారు యుద్ధచరిత్రల విషయమై ఒక నూతన విధానమును ప్రకటించిరి. దళముల యుద్ధ దినచర్యలు, లేఖలు, చర్యల వృత్తాంతములు చరిత్ర విభాగమునకు చేరవలయుననియు, సాధారణముగా ఇరువదియైదేండ్లకు వానిపై రహస్యపు ముద్ర తొలగవలయుననియు అందు నిర్ణయించిరి. మంచి నిర్ణయమే. కాని దీని పర్యవసాన మేమి? ఏ ఇరువదియైదేండ్లకు దళము చరిత్ర వెలుగునకు వచ్చునో, ఆ ఇరువదియైదేండ్లకే ఆ దళములోని సామాన్య సిపాయి చరిత్ర బూడిదయగును. సేనానుల యుద్ధము గ్రంథమగును. సిపాయి యుద్ధము చితికెక్కును.

పత్రములు లేనిచో ఏమి చేయగలమని అధికారులందురు. చేయదలచినవారికి మార్గము లేకపోలేదు. 1973 జూలై 12వ తేదీన అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున సైనిక దఫ్తరఖానా అగ్నిపాలయ్యెను. కోటి అరువది లక్షలకు పైగా సైనికుల పత్రములు నశించినవి. అది నియమానుసారముగా పెట్టిన మంట గాదు, ప్రమాదము. అయినను అచ్చటి ప్రభుత్వము సైనికుని గుమ్మమునకు పోయి నీ కాగితము నీవే తెచ్చుకొమ్మని ఊరకుండలేదు. జీతపు పద్దులు, దళముల దినసరి హాజరు నివేదికలు మొదలైన ఇతర పత్రములనుండి ఒక్కొక్కని సేవను తిరిగి కూర్చు పనిని తన మీదనే పెట్టుకొనెను. సైనిక పత్రములలోని తప్పులు దిద్దుటకు ప్రత్యేక మండలులు నెలకొల్పు అధికారమును ఆ దేశపు శాసనసభ 1946లోనే ఇచ్చియుండెను. మన సేనకును జీతపు పద్దులున్నవి, దినసరి ఉత్తరువులున్నవి, యుద్ధ దినచర్యలున్నవి. వెదకు చేతులు లేవందుమా? వెదకవలెనను బుద్ధి లేదందుమా?

కాలము మించినదని మఱికొందరందురు. ఋణమునకు కాలదోషము పట్టవచ్చును గాని గౌరవమునకు పట్టదని ఇతర జాతులు నిరూపించినవి. రెండవ ప్రపంచయుద్ధమున ఉత్తర ధ్రువసముద్రములో ఓడలు నడిపినవారికి బ్రిటను ప్రభుత్వము 2013లో ప్రత్యేక తారను స్థాపించెను. అదే యుద్ధమున పోరాడిన ఏడుగురు నల్లజాతి సైనికులకు అమెరికా అత్యున్నత పతకము 1997లో ముట్టినది. నాటికి ఆ యేడుగురిలో జీవించియున్నవాడు ఒక్కడే. ఆస్ట్రేలియాలో 1942లో మరణించిన యువ నావికునకు విక్టోరియా క్రాసు 2020లో లభించినది. ఆలస్యమైనదని వారు సిగ్గుపడిరి. ఆలస్యమైనది గనుక ఇయ్యమనలేదు.

మన సీమ వృత్తాంతము చూతము. 1918 సెప్టెంబరులో పాలస్తీనాలోని హైఫా నగరమును గైకొన్న అశ్విక దళసమూహమున జోధపూరు, మైసూరు, హైదరాబాదు సంస్థానముల రౌతులుండిరి. ఢిల్లీలోని మూడు విగ్రహముల కూడలి వారి స్మారకమే. దానికి 2018లో హైఫా పేరును చేర్చిరి. 1941 డిసెంబరున జపానువారు మలయాపై దిగినపుడు కోటబారు విమానాశ్రయమును కాచుచుండినది హైదరాబాదు సంస్థానపు పదాతిదళమే. 1948 తరువాత సంస్థానము లేదు, దాని సేనయు లేదు. ఆ పల్లెటూరి సిపాయిల తరఫున మాటాడువాడును లేడు.

పరాయి రాజు యుద్ధమున పోరాడినవాని పతకముతో జాతీయవాదులకేమి పని యని కొందరు మిత్రులడుగవచ్చును. ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పవలయును. మేము నిజాము పాలనను గాని ఆంగ్ల సామ్రాజ్యమును గాని కొనియాడుట లేదు. సామ్రాజ్యము మన సిపాయిని ఎట్లు చూచెనో మేము మరువలేదు. మొదటి ప్రపంచయుద్ధానంతరము సిపాయికి వెండి పతకమిచ్చి, కూలి దళములలో మూటలు మోసినవానికి అదే పతకమును కంచుతో పోసి యిచ్చిరి. చనిపోయినవారిలో సైతము తారతమ్యము చూపిరి. ఆసియా, ఆఫ్రికా ఖండములవారే హెచ్చుగా గల లక్షకు పైబడిన మృతుల పేర్లు ఏ శిలపైనను చెక్కబడలేదని కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమువారే 2021 ఏప్రిలులో ఒప్పుకొనిరి. పేరు చెరిపివేయుట పరప్రభుత్వ లక్షణము. స్వరాజ్య ప్రభుత్వము ఆ చెరుపుడు పనిని నియమముగా కొనసాగించుట కంటె సిగ్గుచేటు మఱి యేమున్నది? ఆజాద్ హింద్ సేనలో పోరాడినవారి మాట యింతకన్న దుఃఖకరము. గణతంత్ర దినోత్సవపు కవాతులో వారిలో నలుగురు వృద్ధులకు మొదటిసారి స్థానము దొరకినది 2019లో! అప్పటికి వారందరు తొంబదియేండ్లు దాటినవారు.

న్యాయస్థానములు ఈ విషయమున కార్యాలయముల కంటె ముందు నడచినవి. నిజాము రాష్ట్రమున జరిగిన ఆర్యసమాజ సత్యాగ్రహమున చెరసాలకు పోయినవారి పింఛనుల వ్యాజ్యమున, 1993లో సుప్రీంకోర్టువారు అర్జీ ఆలస్యమైనదను కారణమున యోధుని త్రోసివేయరాదనిరి. గౌరవించుటయే ఆ పథకము యొక్క ఉద్దేశమని గుర్తుచేసిరి. 2001లో మఱియొక తీర్పున, స్వాతంత్ర్యయోధుని అర్జీని నేరవిచారణ వలె కఠినముగా కొలువరాదనియు, సంభావ్యత కనబడినచో అతని పక్షముననే భావింపవలయుననియు నిర్ణయించిరి. 2013లో అంగవైకల్యపు పింఛను వ్యాజ్యమున ఋజువు భారము సైనికునిపై లేదనియు, సందేహపు లాభము అతనికే చెందవలెననియు తీర్పిచ్చిరి. ధనముతో కూడిన పింఛనులకే ఈ న్యాయము చెల్లినపుడు, కొలది తులముల లోహమునకు చెల్లదా?

బూటకపు అర్జీలు వెల్లువగా వచ్చునను భయమొకటి చూపుదురు. భయము నిరాధారము కాదు. మరాఠ్వాడాలోని బీడు జిల్లాలో స్వాతంత్ర్యయోధుల పింఛనులకై పుట్టిన కపట వ్యవహారము 2005లో సుప్రీంకోర్టుదాక పోయినది. కాని అచ్చట పుట్టిన కపటము ధనము నాశించి పుట్టినది. యుద్ధసేవా పతకము వెంట నెలసరి పైకము రాదు. మఱియు, సైనికుని మాటను మాత్రమే నమ్ముమని మేము కోరుట లేదు. పొడుగు పట్టికలో అతని పేరు, తేదీలు ఉన్నవి. ఆ తేదీలలో అతని దళమెచ్చట నుండెనో యుద్ధ దినచర్య చెప్పును. ఈ రెంటిని జతపరచి చూచుటకు ఒక గుమాస్తాకు ఒక పూట చాలును. దొంగకు భయపడి ఇంటి యజమానికి తలుపు మూయుట వివేకము గాదు.

పతకముతో కడుపు నిండునా యని యడుగువారును లేకపోలేదు. నిండదు. కాని మనము ఏల ఊరేగింపులు చేయుచున్నాము? 2020 జూన్ నెలలో గల్వాను లోయలో సూర్యాపేట వీరుడు కర్నల్ సంతోష్‌బాబు నేలకొరిగినపుడు తెలుగునాడంతయు తల వంచినది. ఆ నవంబరులోనే మన పొరుగున వేల్పూరు మండలపు కోమన్‌పల్లి యువకుడు మచిల్ సీమలో ప్రాణమర్పించినపుడు ఈ ప్రాంతమంతయు కన్నీరు పెట్టినది. ఆ గౌరవము కడుపు నింపుటకై చేసినది గాదు. మరణించినవానికి పూలమాల వేసి, బ్రతికి వచ్చినవానిని కాగితము తెమ్మని త్రిప్పుట ఏమి ధర్మము? బ్రతికివచ్చుట నేరమా? అతని మాట నిజమని అతని ఊరివారి యెదుట ప్రభుత్వము ఒప్పుకొనుటయే పతకము. ఆ ఒప్పుకోలు కొరకే అతడు ఎదురుచూచుచున్నాడు.

కావున మేము రక్షణశాఖవారిని స్పష్టముగా కోరునవి ఇవి. మొదటిది, సేవాపత్రములను నాశనము చేయు నియమమును వెంటనే నిలిపి, మిగిలిన వానిని యంత్రములలో భద్రపరుపవలయును. రెండవది, పత్రము ప్రభుత్వము చేతిలో నశించినచోట, దళము యుద్ధభూమిలో నుండినట్లును, సైనికుడు ఆ దళములో నుండినట్లును తేలినచో, ప్రతికూల సాక్ష్యము లేనంతవరకు పతకము అతనిదేయని భావింపవలయును. మూడవది, నిరాకరించినచో ఏ పద్దులు వెదకిరో, ఏ పత్రము ఏ తేదీన నాశనమైనదో వ్రాతమూలకముగా తెలుపవలయును. నాలుగవది, అర్జీకి గడువుండవలయును. తొంబది దినములలో జవాబు రావలయును. ఎనుబదియేండ్ల వానిని రెండేండ్లు వేచియుండుమనుట నిరాకరించుటయే. ఐదవది, భర్త పోయిన భార్యకు ఆ పతకమును ఆమె చేతికే సగౌరవముగా నందింపవలయును.

పఠనాలయమున ఈ పుటను చదువుచున్న సోదరులకును ఒక మాట. ఈ జిల్లా ప్రజలకు పట్టుదల క్రొత్త గాదు. పసుపు బోర్డు కొరకు 2019 ఎన్నికలలో 170కి పైగా రైతులు నామినేషనులు వేసి దేశమునంతను ఇటు చూచునట్లు చేసిరి. 2025 జనవరిలో బోర్డు నిజామాబాదునకు వచ్చినది. అడిగినవారికే అంగడి పలుకును. మీ వీధిలో, మీ వాడలో, సిద్ధులగుట్ట నీడనున్న ఈ పల్లెలలో సేనలో పనిచేసి వచ్చిన వృద్ధులెవరో విచారింపుడు. వారి డిశ్చార్జి పుస్తకము తెరపించి చూడుడు. ఖాళీ గడి కనబడినచో వారి పక్షమున అర్జీ వ్రాసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు కొనిపొండు, నకలును దాచుకొనుడు, జవాబు రాకున్న మరల వ్రాయుడు. చదువు వచ్చినవాడు చదువు రానివానికి చేయదగిన సేవలలో ఇది ముఖ్యమైనది.

యుద్ధభూమికి పొమ్మన్నపుడు ఆ సిపాయి ప్రభుత్వమును ఏ కాగితమును అడుగలేదు. ఉత్తరువు విన్నాడు, పోయినాడు. నేడు అతడడుగుచున్నది ఆ ప్రభుత్వపు పద్దులో తన పేరున ఒక్క పంక్తి. ఆ పంక్తిని వ్రాయుటకు ఇక ఎన్నో సంవత్సరములు లేవు. వ్రాయవలసిన కలము ప్రభుత్వమువారి చేతిలోనే యున్నది.