పేర్ల పట్టీ పిల్లల్ని కాపాడుతుందా?

2018 సెప్టెంబర్ 20న కేంద్రం లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్‌ను ప్రారంభించింది. శిక్ష పడినవారి వివరాలతో 4.4 లక్షలకు పైగా నమోదులు. నెల తిరగకముందే సూరత్‌లోని లింబాయత్‌లో మూడేళ్ల పాప అత్యాచారానికి, హత్యకు గురైంది. దోషి అదే భవనంలో ఉండేవాడు. 2019లో కోర్టు మరణశిక్ష వేసింది.

ఈ డేటాబేస్ పోలీసులకే పరిమితం. అందరికీ తెరవాలని చాలామంది అడుగుతున్నారు. తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. కానీ పోక్సో కేసుల్లో నిందితుల్లో అత్యధికులు పిల్లలకు తెలిసినవాళ్లే. తండ్రి పేరో మేనమామ పేరో బయటపెడితే, సెక్షన్ 23 దాచమన్న బిడ్డ గుర్తింపూ బయటపడుతుంది.

పైగా రాజ్యం రాసే జాబితాలు ఎవరి మెడకు చుట్టుకుంటాయో మనకు తెలుసు. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం ఎరుకల, ఛారా వంటి సమూహాలకు పుట్టుకతోనే ముద్ర వేసింది. 1952లో చట్టం పోయింది, అనుమానం పోలేదు.

అయితే చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. 2020 పోక్సో నియమాల ప్రకారం పిల్లలతో పనిచేసే సంస్థలు రెగ్యులర్, కాంట్రాక్టు సిబ్బంది అందరికీ ఎప్పటికప్పుడు పోలీసు వెరిఫికేషన్ చేయించాలి. డేటాబేస్ అక్కరకొచ్చేది ఇక్కడే. మన పిల్లలుండే సంక్షేమ హాస్టళ్లలో వార్డెన్ నుంచి వంటమనిషి దాకా ఎందరికి అది జరిగింది? ప్రతి జిల్లా ఆ లెక్క చెప్పాలి.

ఇక పొరుగింటి ప్రమాదాన్ని ఏ జాబితా ఆపలేదు. అమ్మానాన్నలు షిఫ్టుకు వెళ్లే లింబాయత్ లాంటి వాడల్లో పేర్ల పట్టీ కన్నా ముందు రోజంతా తెరిచి ఉండే శిశు సంరక్షణ కేంద్రం కావాలి.