తొంభయ్యో రోజు తెలియని థ్రిల్లర్

కోర్టులో కేసులు నత్తనడక నడుస్తాయి కాబట్టి కోర్టు నవలా అలాగే నడవాలట! ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న ఒక తెలుగు లీగల్ థ్రిల్లర్ ముందుమాటలో రచయిత చేసుకున్న సమర్థన ఇది. నేనొప్పుకోను. ఇది పాఠకుణ్ణి దగా చేయడం.

కథ నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో జరుగుతుంది. హీరో హత్య కేసులో ముద్దాయి, రిమాండులో ఉన్నాడు. నాలుగో నెల వచ్చినా పోలీసులు చార్జిషీటు వేయరు. అప్పుడు అతని వకీలు ఏం చేస్తాడు? మేడ మీద కూర్చుని వాన చూస్తూ చిన్ననాటి ప్రేమ తలచుకుంటాడు, అధ్యాయం పొడుగునా! హత్య కేసులో 90 రోజుల్లోగా చార్జిషీటు పడకపోతే బెయిలు ముద్దాయి హక్కు. పాత నేర విచారణ స్మృతి సీఆర్‌పీసీ 167వ సెక్షన్లో ఉన్న మాటే, దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 187లోనూ ఉంది. 91వ రోజు పొద్దున్నే పిటిషన్ పడాలి. ఈలోగా పోలీసులు చార్జిషీటు తెచ్చి పడేశారా, ఆ హక్కు పోయినట్టే. ఇంతకంటే ఉత్కంఠ ఏం కావాలి? చట్టమే చేతికిచ్చిన ఘట్టాన్ని ఈ రచయిత కన్నెత్తి చూడలేదు.

నాంపల్లిలో ఒక పూట నిలబడి చూడండి. పేరు పిలవగానే ముద్దాయి భార్య చేతిలో టీ గ్లాసు గోడవార దించి లోపలికి పరుగెత్తుతుంది. సాక్షి రాలేదు, వాయిదా. క్లర్కు చెప్పిన తారీఖు అరచేతిలో రాసుకుంటుంది. ఆలోగా ఆ సాక్షిని ఎవరు కలుస్తారో, బోనెక్కి ఏం మాట మారుస్తాడో! ఆ నెమ్మదికి ఊపిరాడదు. ఈ నవలలో వాయిదా పడితే కథే మాయమవుతుంది.

మనకు కోర్టు కథలు బాగా రాసినవాళ్లు లేరా? రావిశాస్త్రి విశాఖలో ప్లీడరీ చేస్తూ రాశారు. ఆయన 'మాయ' కథలో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ మాట్లాడుతూ పోతుంటే కుర్ర ప్లీడరుకూ మనకూ న్యాయం మీద భ్రమలు ఊడిపోతాయి. యండమూరి 'అభిలాష'లో ఉరిశిక్ష రద్దుకు నడుం కట్టిన లాయరే ఉరికంబం దాకా వెళ్తాడు. ఆ పుస్తకం మధ్యలో మూసినవాళ్లెవరు?

నేను కొన్న ఈ థ్రిల్లర్ చివర సాక్షి ఏడుస్తూ నిజం చెప్పగానే జడ్జి తీర్పు చదివేస్తాడు. అసలు కోర్టులోనైతే ప్రాసిక్యూషన్ సాక్ష్యం ముగిశాక జడ్జి ముద్దాయినే నేరుగా అడగాలి: నీ మీద వచ్చిన సాక్ష్యానికి నువ్వేమంటావు? ప్రమాణం చేయించకుండా, అతని సొంత మాట వినే ఘట్టం అది. హీరో నోట ఆ మాట వినాలనే ఆఖరి పేజీ దాకా చదివాను. రచయిత అతణ్ణి నోరు తెరవనివ్వలేదు.