ఊరి నీటి పద్దు

వాన ఎప్పుడు పడుతుందో ముందుగా చెప్పే ఏర్పాటు మనకు ఉంది. ఎంత పడిందో మండలాల వారీగా లెక్కగట్టే ఏర్పాటూ ఉంది. పడినదాంట్లో ఊరి నేలలోకి ఇంకిందెంత, అందులో ఈ ఏడు తోడుకోదగింది ఎంత అని అడిగితే మాత్రం చాలా పల్లెల్లో జవాబు దొరకదు. రాయలసీమలో, దక్షిణ తెలంగాణలో రైతు యాసంగి బతుకంతా ఆ జవాబు మీదే నిలబడి ఉంది.

అక్కడి నేల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు. దానిపై వదులు పొరలో, రాతి పగుళ్లలో ఎంత పడితే అంతే నీరు. బావులున్న కాలంలో నీటి మట్టం కంటికి కనబడేది. ఎన్ని మెట్లు దిగితే నీళ్లు అందుతున్నాయో చూసుకుని వరి నాటాలో, ఆరుతడి పంటతో సరిపెట్టుకోవాలో తేల్చుకునేవారు. బోరుతో ఆ చూపు పోయింది. పోసినన్నాళ్లు పోసి, పైరు పొట్టకొచ్చిన వేళ మోటారు గాలి పీలుస్తుంది. అప్పుడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింటు చూపించే మనిషి వస్తాడు, వెనకే రిగ్గు లారీ వస్తుంది, దాని వెంట అప్పు వస్తుంది. కొత్త బోరులో రెండంగుళాల నీళ్లు పడితే పక్కచేను బోరు తగ్గిపోతుంది. అతనూ ఇంకా లోతుకు వెళ్తాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఎవరికి వారు తమ పంటను కాపాడుకోబోయి, అంతా కలిసి ఊరి నీటిని ఖాళీ చేస్తారు. భూమికి హద్దురాళ్లున్నాయి గానీ కింద నీటికి లేవు.

ఈ చిక్కుముడిని విప్పడానికి మన రైతులే ఒకసారి పూనుకున్నారు. సుమారు రెండు దశాబ్దాల కిందట ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 600కు పైగా పల్లెల్లో రైతుల యాజమాన్యంలో భూగర్భ జలాల నిర్వహణ పథకం నడిచింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ దన్నుగా నిలిచింది. స్వచ్ఛంద సంస్థలు వెంట ఉన్నాయి. కొలిచే పని మాత్రం ఊరివాళ్లదే. వానమాపకంలో పడిన నీటిని ఏ రోజుకారోజు రాసుకున్నారు. ఎంచుకున్న బోర్లలోకి పదిహేను రోజులకోసారి టేపు దింపి నీరు ఎన్ని మీటర్ల లోతున తగిలిందో చూశారు. డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో లెక్కపెట్టి బోరు ఎంత పోస్తోందో తేల్చారు. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి చేసిన ఈ కొలతలన్నీ ఊరందరికీ కనబడేలా బోర్డు మీదకు ఎక్కేవి.

వానాకాలం ముగిశాక, యాసంగి విత్తనం కొనకముందే, ఒకే వాగు పరిధిలోని ఊళ్లు సమావేశమయ్యేవి. ఒక మిల్లీమీటరు వాన ఎకరం నేల మీద పడితే నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీరు. అందులో ఆవిరయ్యేది, వాగులో కొట్టుకుపోయేది తీసేస్తే ఇంకినది తేలుతుంది. వానాకాలం పంట తాగింది పోను మిగిలింది ఒక పక్క, ఎవరు ఏ పంట ఎన్ని ఎకరాలు వేయదలచుకున్నారో దానికి కావలసిన నీరు ఇంకో పక్క రాసేవారు. లోటు కళ్లముందు కనబడేది. వరి వేయొద్దని ఎవరూ శాసించలేదు, జరిమానాలు లేవు. లెక్క విన్న రైతు ఇంటికెళ్లి ఆలోచించుకునేవాడు. చాలామంది వరిని తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. ఆదాయం పోగొట్టుకోకుండానే నీటి వాడకం తగ్గించుకోవచ్చనడానికి దాఖలాగా 2010లో ప్రపంచ బ్యాంకు భూగర్భ జలాలపై వెలువరించిన నివేదిక ఈ పల్లెలను ప్రస్తావించింది.

అనంతపురం, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కొన్ని ఊళ్లు మరో అడుగు ముందుకేశాయి. వాసన్ వంటి స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో రైతులు తమ బోర్లను పైపులైనుతో ఒకదానికొకటి కలిపారు. కొత్త బోరు వేయబోమని కట్టుబాటు చేసుకున్నారు. బోరు లేని రైతు మెట్ట చేనుకూ వాన మొహం చాటేసినప్పుడు ఒకటి రెండు తడులు అందేలా ఒప్పుకున్నారు. అప్పు చేసి సొంతంగా వేయించిన బోరు నీటిని పక్కవాడి వేరుశనగకు మళ్లించడానికి పెద్ద మనసు కావాలి. పక్కవాడు కొత్త బోరు వేస్తే తన బోరే ఎండుతుందన్న ఎరుకా కావాలి. ఆ రెండూ కలిసిన చోట ఒప్పందం నిలిచింది.

వాతావరణ మార్పును తట్టుకోవడం అంటే పల్లెలో అర్థం ఇదే. వాన నాలుగు నెలలూ సర్దుకుని కురవడం తగ్గుతోంది. నెలంతా మొహం చాటేసి రెండు రోజుల్లో కుమ్మరించి పోతోంది. మొత్తం వాన సరిపడా నమోదైనా నేలలోకి దిగింది కొంచెమే కావచ్చు. ఇలాంటి కాలంలో తాతల నాటి అంచనా ఒక్కటే సరిపోదు, రాజధానిలో తయారైన సగటూ సరిపోదు. ఆ ఊరి వాన, ఆ ఊరి బోరు, ఆ ఏటి లెక్క కావాలి.

రైతుల భూగర్భ జలాల పథకం గడువు తీరాక చాలాచోట్ల కొలతలు ఆగిపోయాయి. నేర్పినవాళ్లు వెళ్లిపోతే, పరికరం చెడితే, బాగుచేయించే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. ఊరే తన నీటి లెక్క కట్టుకోవాలన్న ఆలోచనతో, గ్రామాల నీటి బడ్జెట్‌ను పునాదిగా చేసుకుని కేంద్రం 2019 డిసెంబరులో అటల్ భూజల్ యోజన ప్రారంభించింది. అప్పుడు ఎంచుకున్న ఏడు రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు లేవు. అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆ దారిన నడిచిన రైతులున్న చోట ఇది మనసును కలుక్కుమనిపించే సంగతి.

ఊరూరా నీటి పద్దు రాయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. నీరు, భూమి, చెట్టు చట్టం 2002 నుంచే ఉంది. పంచాయతీకి ఒక వానమాపకం, రెండు మూడు కొలత బోర్లు, వాటిని చూసే మనిషికి కొద్దిపాటి గౌరవ వేతనం, దసరా తరువాత గ్రామసభలో నీటి లెక్కకు ఒక పూట ఇవ్వగలిగితే చాలు. బళ్లో లెక్కలు చదివే పిల్లలు కూడా ఆ పద్దు రాయగలరు. తమ నీరెంతో తెలిసిన ఊరు కరువును ఆపలేకపోవచ్చు. ఆ కరువులో ఎవరి పైరూ నడిమధ్యలో ఎండకుండా, ఏ ఇల్లూ బోరు కోసం అప్పులపాలు కాకుండా ముందుగానే సర్దుకోగలదు. ఆ అవకాశాన్ని ప్రతి పంచాయతీకీ ఇవ్వాలి.