జ్వరం ఎవరి నుంచి ఎవరికి?

వానాకాలం వస్తే చాలు, మన ఇళ్లల్లో ఒకరి తర్వాత ఒకరు మంచం పడతారు. ముందు బడి నుంచి పిల్ల దగ్గుతూ వస్తుంది. నాలుగు రోజులకు అత్తగారు, ఆ తర్వాత భర్త, చివరికి ఇంటావిడ. ఆవిడ పడుకునేసరికి మిగతావాళ్లు లేచి తిరుగుతుంటారు కాబట్టి ఆవిడ జ్వరం ఎవరి లెక్కలోకీ రాదు. ‘సీజను కదా, అందరికీ వస్తోంది’ అని సరిపెట్టుకుంటాం. అది ఎవరి నుంచి, ఏ దారిన వచ్చిందని ఎప్పుడైనా అడిగామా? మన సంగతి సరే, అడగవలసినవాళ్లు కూడా అడగటం లేదన్నదే నా బాధ.

మనం ‘మామూలు జ్వరం’ అనుకునే ఫ్లూ వల్ల వచ్చే శ్వాసకోశ వ్యాధులతో ప్రపంచంలో ఏటా 2 లక్షల 90 వేల నుంచి 6 లక్షల 50 వేల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గర్భిణులకు, పసిపిల్లలకు, వృద్ధులకు ముప్పు ఎక్కువ. మన దేశంలో ఇది జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానాకాలం చివర్లో మరోసారి విజృంభిస్తుంది.

మనుషుల్లో ఫ్లూ వైరస్‌ను 1933లోనే కనుగొన్నారు. అయినా ఒకరి నుంచి ఒకరికి ప్రధానంగా ఎలా పాకుతుందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. తుమ్మినప్పుడు పడే పెద్ద తుంపర్ల వల్లనా? గ్లాసు, తలుపు గడియ ముట్టుకున్న చేతుల వల్లనా? గదిలో తేలుతూ ఉండే సన్నటి తుంపర్ల వల్లనా? మూడు దారులూ ఉన్నాయి. ఏ పరిస్థితుల్లో ఏది ఎంత అన్నదే వివాదం. 1977లో అలాస్కాలో ఒక విమానం గాలి ప్రసరణ ఆపేసి గంటల తరబడి నిలిచిపోతే, అందులో ఉన్నవాళ్లలో 72 శాతం మందికి జబ్బు చేసింది. రోగులు దగ్గకుండా మామూలుగా ఊపిరి వదిలినా వైరస్ బయటికి వస్తుందని 2018లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. కానీ అమెరికా ప్రభుత్వ నిధులతో ఇంగ్లండులో జరిగిన ఒక పెద్ద ప్రయోగంలో, ముక్కులో వైరస్ వేసిన వాలంటీర్లతో ఆరోగ్యవంతులను కలిపి ఉంచితే, 75 మందిలో ఒక్కరికే సోకింది. ఆ ఫలితాలు 2020లో వచ్చాయి.

ఆ ప్రయోగాన్ని నేను తక్కువ చేయటం లేదు. అలాంటివి జరగాలి. కానీ అందులో ఎవరూ ఎవరికీ ఒళ్లు తుడవలేదు, గంజి తాగించలేదు, కిటికీ లేని గదిలో పిల్లను పక్కలో వేసుకుని రాత్రంతా జాగారం చేయలేదు. జ్వరం పాకే అసలు చోటు ఇల్లు. ఇంట్లో రోగికి అందరికంటే దగ్గరగా, అందరికంటే ఎక్కువసేపు ఉండే మనిషి సాధారణంగా స్త్రీ. ఆమెను వదిలేసి ‘వ్యాప్తి’ని అర్థం చేసుకోవటం ఎలా?

ఇది కొత్త సంగతేమీ కాదు. 1918 ఫ్లూలో మన దేశంలో కోటిమందికి పైగా చనిపోయారు. 1911-21 మధ్య మన జనాభా పెరగకపోగా తగ్గింది. ఆ మహమ్మారిలో మగవాళ్లకంటే ఆడవాళ్లలో మరణాల రేటు ఎక్కువ. తిండి చాలక, రోగులకు చాకిరీ చేస్తూ వాళ్లు బలయ్యారని చరిత్రకారులు వివరించారు. వందేళ్లు గడిచినా ఆ వివరణను శాస్త్రీయంగా పరీక్షించటానికి మనం ఏ ప్రయత్నం చేశాం?

నేను చేయబోయాను. కొన్నేళ్ల క్రితం రెండు బస్తీల్లో ఇంటింటికీ తిరిగి, జ్వరం వచ్చినవాళ్లకు ఎవరు సేవ చేశారో, ఏ గదిలో పడుకున్నారో, తర్వాత ఎవరికి వచ్చిందో నమోదు చేస్తానని ఒక నిధుల సంస్థకు ప్రతిపాదన పంపాను. ‘ఇది వైద్యమా, సమాజశాస్త్రమా?’ అని అడిగారు. రెండూ అన్నాను. ‘ఇంట్లో సేవ చేసేది ఆడవాళ్లే అని అందరికీ తెలుసు కదా, దానికి పరిశోధన ఎందుకు?’ అన్నారు. అందరికీ తెలుసు కాబట్టే ఎవరూ లెక్కపెట్టరు!

మన మిత్రుల నుంచి కూడా రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. ఒకటి, క్షయతో జనం చస్తుంటే ఫ్లూ మీద డబ్బెందుకని. క్షయా గాలిలోనే పాకుతుంది. కోవిడ్ కూడా అంతే. ఇరుకు గదిలో గాలి ఆడటం గురించి తెలుసుకున్నది ఏ జబ్బుకైనా పనికొస్తుంది. రెండోది మరింత బలమైనది. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు చాలా అనుమతి పత్రాలమీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. స్త్రీల సంఘాలు పోరాడాక 2010లో దాన్ని ఆపారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఆ అనుభవం ఉన్న మనం పరిశోధన అనగానే అనుమానించటం న్యాయమే. కానీ దానికి జవాబు పరిశోధనే వద్దనటం కాదు, అది మన షరతుల మీద జరగాలనటం.

గ్రామాల్లో ఇళ్ల స్థాయిలో ఫ్లూను అధ్యయనం చేయటం సాధ్యమేనని హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఎయిమ్స్ వాళ్లు 2009 నుంచి చేసిన టీకా అధ్యయనం చూపింది. కాబట్టి మనం అడగవలసినవి ఇవి: వ్యాప్తి పరిశోధనకు ప్రభుత్వం ప్రత్యేకంగా నిధులివ్వాలి. 2025లో అమెరికా తన ఆరోగ్య పరిశోధన గ్రాంట్లను పెద్ద ఎత్తున రద్దు చేశాక, పైనుంచి వచ్చే డబ్బుకోసం ఎదురుచూడటం తెలివైన పని కాదు. ఆ అధ్యయనాల్లో సేవ చేసే మనిషిని విడిగా లెక్కించాలి. ఆమె అనుమతి ఆమే ఇవ్వాలి, భర్తో అత్తో కాదు. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తకు ఆ పనికి విడిగా వేతనం ఇవ్వాలి. 2020లో ఆమె చేత కోవిడ్ సర్వేలు చేయించుకున్న తీరు మళ్లీ జరగకూడదు. ఫలితాలు ముందు ఆ బస్తీ స్త్రీలకు, వాళ్ల భాషలో చెప్పాలి.

‘చేతులు కడుక్కోండి, దూరంగా ఉండండి’ అని మనకు చెబుతూనే ఉంటారు. జ్వరంతో మూలిగే పిల్లకు ఏ తల్లి దూరంగా ఉంటుంది? దగ్గరగా ఉంటూనే ఎలా కాపాడుకోవాలో చెప్పే శాస్త్రం మనకు కావాలి. దానికి డబ్బు పెట్టమని అడగటం మన హక్కు.