సీసపు గొట్టములును సగము పనియు

మంచినీటి గొట్టము ఎవరిది? వీధిలోని పెద్దగొట్టము పురపాలక సంఘముది. వంటయింటిలోని కొళాయి గృహస్థునిది. ఈ రెంటి నడుమ నేలలో పూడియున్న కొలది గజముల గొట్టము ఎవరిదని యడిగినచో ప్రతివారును ఎదుటివానిని చూపుదురు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ నడిమి గొట్టమును గూర్చిన తగవు ముప్పది యేండ్లకు పైగా సాగుచున్నది. ఆ గొట్టము సీసముతో చేసినది కావుటయే యందులకు కారణము. మన సభ్యులలో ననేకుల బిడ్డలు న్యూజెర్సీ, ఇల్లినాయి, మిచిగను రాష్ట్రములలో కాపురములు చేయుచున్నారు. అదియునుగాక ఆ తగవులోని న్యాయము మన పల్లెలకు సయితము పట్టునదియే. కావున దానిని గూర్చి మా యభిప్రాయమును చదువరులకు విన్నవించుచున్నాము.

సీసము మెత్తని లోహము. వంచిన వంగును, త్రుప్పుపట్టి చిల్లులు పడదు, చిరకాలము మన్నును. రోమకులు దానితోడనే గొట్టములు చేసిరి. లాటిను భాషలో సీసమునకు గల పేరునుండియే గొట్టపుపనివానికి ప్లంబరను పేరు వచ్చినది. అయినను రెండువేల యేండ్ల క్రిందటనే విట్రూవియసను రోమక శిల్పి సీసపు పనివారి పాలిపోయిన మొగములను చూచి, నీటికి మట్టిగొట్టములే మేలని వ్రాసియుండెను. మన పెద్దలు సీసమునకు నాగమని పేరిడిరి. ఏ తలంపుతో నిడిరోగాని పేరుమాత్రము తగియున్నది.

ఈ విషమునకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. నీటిని కాచిన చచ్చునది కాదు. నీరు ఇగిరినకొలఁది మిగిలినదానిలో చిక్కనగును. రాత్రియంతయు గొట్టములో కదలక నిలిచిన నీటిలో నెక్కువగా కరగియుండును గనుక తెల్లవారి పట్టిన మొదటి చెంబే చెడ్డది. పెద్దల శరీరములో సీసము రక్తపుపోటును పెంచి మూత్రపిండములను చెరచును. పసిబిడ్డలలో నది మెదడు పెరుగుటకే అడ్డుపడును. సున్నము చేరవలసిన చోట తాను చేరి ఎముకలలో ఏండ్ల తరబడి దాగి, స్త్రీ గర్భవతియైనప్పుడు బయలుదేరి కడుపులోని శిశువును చేరును. ఇంతకన్న తక్కువైన హానిలేదని చెప్పదగిన మోతాదు బిడ్డల విషయమున నేదియు కనబడలేదు. మన దేశపు త్రాగునీటి ప్రమాణము లీటరునకు 0.01 మిల్లిగ్రామును హద్దుగా నుంచినది.

ఇట్టి గొట్టములను క్రొత్తగా వేయరాదని అమెరికాలో 1986లో చట్టము చేసిరి. షికాగో నగరమున నైతే అంతవరకును ఇంటికి సీసపు గొట్టమే వేయవలెనని నగర నిబంధనయే యుండెను. అందుచేత ఆ దేశమున నింకెచ్చటను లేనన్ని సీసపు గొట్టములు, ఇంచుమించు నాలుగు లక్షలు, అచ్చట మిగిలినవి. పాతవానిని పెరికివేయుటకు బదులు నీటిలో ఫాస్ఫేటువంటి మందును కలిపి, గొట్టము లోపల పొర కట్టించి, ఆ పొర నీటిని కాపాడునని నమ్మిరి. కొన్నిచోట్ల కాపాడినది కూడ. అయితే పొర పొరయే కదా. 2014 ఏప్రిలులో మిచిగను రాష్ట్రమందలి ఫ్లింటు పట్టణమున వ్యయము తగ్గింపబూని, డెట్రాయిటునుండి వచ్చు నీటిని మాని స్థానిక నదీజలమును పట్టిరి. మందు కలుపుట మానిరి. పొర కరగినది, సీసము దిగినది. ఆ సంవత్సరము అక్టోబరులోనే అచ్చటి మోటారు కర్మాగారమొకటి ఈ నీటివలన ఇనుపభాగములు చెడుచున్నవని దానిని వాడుట మానుకొన్నది. యంత్రములకు పనికిరాని నీరు మఱియొక యేడాదివరకు బిడ్డలకు పనికివచ్చినది! 2015 అక్టోబరులోగాని పాతనీరు తిరిగి రాలేదు. ఆ పట్టణమున సుమారు 11,000 గొట్టములను మార్చుట 2025వ సంవత్సరమునకుగాని ముగియలేదు. పొదుపుచేసిన సొమ్మెంత, పిదప కుమ్మరించిన సొమ్మెంత యనునది సంఘముల లెక్కలు చూచు మనబోంట్లు ఎరుగనిది కాదు.

మేము ముఖ్యముగా చెప్పదలచినది సగము పనిని గూర్చి. వాషింగ్టను నగరమున 2000లో నీటిని శుద్ధిచేయు మందును మార్చిన తరువాత సీసము మిక్కుటముగా పొడకట్టెను. నగరమువారు తమ హద్దువరకు గల గొట్టమును మార్చి, హద్దునకు లోపలిది గృహస్థుడు మార్చుకొనవలెననిరి. ధనముగలవారు మార్చుకొనిరి, లేనివారు ఊరకుండిరి. ఊరకున్నవారికి మేలు సగమైనను కలిగినదా యన్న, అదియును లేదు. పాత గొట్టమును కోయునప్పటి అదురునకు లోపలి పొర రాలును. రాగిని సీసముతో కలిపిన అతుకుచోట సీసము మఱింత వేగముగా కరగును. కొన్ని యిండ్లలో ముందటికన్న నెక్కువ సీసమే కొంతకాలము నీటిలో దిగినది. సగము చేసినపని చేయనిదానికన్న చెరుపు కావుట యిట్టిచోట్లనే చూడనగును.

దీనికి భిన్నముగా విస్కాన్సిను రాష్ట్రమందలి మాడిసను నగరము 2001లో పూనుకొని, సుమారు 8,000 గొట్టములను ఇంటిగోడవరకు సంపూర్ణముగా మార్చినది. ఇంటివారి వ్యయములో సగము, వేయి డాలరులకు మించకుండ, తిరిగి యిచ్చిరి. నీటిపన్ను సొమ్మును ప్రయివేటు గొట్టములకు వాడరాదని అడ్డు రాగా, నీటితొట్ల శిఖరములమీద టెలిఫోను కంపెనీల స్తంభములను నిలుపనిచ్చి, ఆ బాడుగతో నీ పని నడపిరి. ఇట్టి యుపాయము మన కార్యదర్శులకు నచ్చకపోదు. న్యూజెర్సీలోని న్యూవర్కు నగరము 2019లో మొదలిడి మూడేండ్లయిన నిండకమునుపే 23,000లకు పైగా గొట్టములను మార్చినది. మొదట గృహస్థునినుండి కొంత సొమ్ము రాబట్టవలెననుకొని, పిదప దానిని వదలుకొని, పైకమేమియు పుచ్చుకొనక చేసిరి. అచ్చట పెక్కుమంది అద్దెయిండ్లలో నుండువారు. ఇంటి యజమాని యెక్కడనో యుండును, అనుమతిపత్రము రాదు, త్రాగువాడు అద్దెదారుని బిడ్డ. అందుచేత యజమాని సమ్మతికై కాచియుండక మార్చుటకు నగరసభ శాసనము చేసినది. 2024 అక్టోబరులో ఆ దేశప్రభుత్వము పదియేండ్లలో సీసపు గొట్టములన్నిటిని తీసివేయవలెనని నిబంధన ప్రకటించినదిగాని, హద్దు లోపలి వ్యయము ఎవరిదను చిక్కును మాత్రము నిర్బంధముగా తీర్పలేదు.

ఆ చిక్కు మన రైతునకు క్రొత్తది కాదు. పెద్దకాలువ సర్కారుది, బోదె రైతులది. పెద్దకాలువకు ఎంత మంచి గట్టు కట్టినను, నడుమ ఒక పేదరైతు తన చేనిప్రక్క బోదెను బాగుచేసికొనజాలకున్నచో దిగువనున్న పదిమంది మళ్లును ఎండును. అప్పుడు మనము అది వాని బోదె యని కూర్చుండుట లేదు. తలకొక మనిషిని పంపి పూడిక తీయించుచున్నాము. త్రాగునీటి విషయమునను న్యాయమదియే యని మా దృఢాభిప్రాయము. ఇంకొక మాట. బోదె చెడినచో పైరు వాడి మనకు చెప్పును. గొట్టము చెడినచో చెప్పువారు లేరు.

ఇంక మన సంగతి. మన పల్లెలలో సీసపు గొట్టములు అరుదు. నూతులు, చెరువులు, చేతిపంపులు గడచి మనము నేరుగా ప్లాస్టిక్ గొట్టమునకు వచ్చితిమి. అయితే పి.వి.సి. గొట్టమును పోతపోయునప్పుడు ఆ పదార్థము వేడికి చెడకుండుటకై మన దేశమున చిరకాలము సీసపు లవణములను కలుపుచు వచ్చిరి. దానిని తొలగించుటకు కేంద్రప్రభుత్వము 2021లో నియమములు చేసినది. సీసపు గొట్టమునకును దీనికిని ఎంతయో తారతమ్యము కలదు. దిగు సీసము కొలదిపాటిది, అదియు క్రొత్తలో నెక్కువ, పోనుపోను తగ్గును. చదువరులు భయపడి రేపే గొట్టములు త్రవ్వవలెనని మేము చెప్పుటలేదు. కాని బోరునకై కొన్న చవుక గొట్టములో మిగిలిన ముక్కలను, గుర్తులేనివానిని, వంటయింటికి బిగించు నలవాటు ప్రతి యూరను కలదు. ఇత్తడి కొళాయిలలోను సీసము పాలు కొంత యుండుట కద్దు. మన యమ్మమ్మలు కళాయివాడు తగరమునకు మారుగా సీసము పూసిపోవునేమో యని వాకిట కూర్చుండి చూచుచుండిరి. ఆ జాగ్రత్త గిన్నెతో పోయినది, గొట్టమునకు రాలేదు.

ఫ్లోరైడుతోను కలరాతోను పోరుచుండగా ఈ సీసపు గొడవ యేల యని కొందరనవచ్చును. మా సమాధానము ఆ ఫ్లోరైడులోనే కలదు. నాటి నెల్లూరు జిల్లాలో ఎముకలు వంగి కీళ్లు బిగిసికొనుటకు నీటిలోని ఫ్లోరైడే హేతువని 1937లోనే వైద్యులు తెలిపిరి. రంగు రుచి లేని విషము గనుక తెలిసిన పిమ్మట కూడ నల్లగొండ, ప్రకాశము జిల్లాలలో తరములు దానినే త్రాగినవి. తెలియుటకును తీర్చుటకును నడుమ అంతకాలము మఱల పోనీయరాదనియే మా తొందర.

మా సూచనలు పెద్దవి కావు. సంఘపు దుకాణమున త్రాగునీటికి అమ్ము పి.వి.సి. గొట్టముపై ఐ.ఎస్. 4985 గుర్తును, హెచ్.డి.పి.ఇ. గొట్టముపై ఐ.ఎస్. 4984 గుర్తును లేనిదే నిలువచేయరాదు. అందులకు చవుకదనము సాకు కారాదు. సీసము ఊరిలోని పరీక్షపెట్టెకు చిక్కునది కాదు గనుక, వీధికొక యింటినుండి తెల్లవారి మొదటి నీటిని సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపవలెను. మార్చవలసిన యింటిలో వీధికొళాయి మొదలు వంటయింటివరకు ఒక్కపర్యాయముగా మార్చవలెను. అంతవరకు రాత్రి నిలిచిన నీటిని మొక్కలకు పోసి, పిదప బిందె పట్టుకొనుట యే ఖర్చును లేనిపని.

వ్యయమును గూర్చి సంఘములో భిన్నాభిప్రాయములు కలవని యెరుగుదుము. సభ్యులందరి లాభమును ఒకరి యింటి గొట్టమునకు పెట్టుట క్రమముకాదని కొందరు పెద్దలు మాతో ననిరి. వారి మాట త్రోసివేయదగినది కాదు. సంఘపు సొమ్ము కాపాడువారట్లే యనవలెను. కలిగినవారికి గొట్టములను టోకు ధరకిచ్చి ఏడాదిలో వాయిదాలపై రాబట్టుదము. కౌలుదారులకును, గర్భిణులు, అయిదేండ్లలోపు బిడ్డలు గల పేదయిండ్లకును మాత్రము ఉమ్మడి క్షేమనిధినుండి ఉచితముగా వేయుదము. యజమాని కానివాడు కౌలుచేలో మెరక తీసినను తరువాతి యేడు ఆ చేను వానిది కాదు. అద్దెయింటి గొట్టమునకు వానిని డబ్బు పెట్టుమనుట అట్టిదే. రాబోవు మహాజనసభ కార్యక్రమమున ఈ విషయమును చేర్పవలసినదిగా కార్యదర్శిగారికి వ్రాసియున్నాము. సభ్యులు తమ యింటి గొట్టముపై నేమి గుర్తున్నదో చూచుకొని, లేనిచో లేదని వ్రాసికొని సభకు రావలెనని కోరుచున్నాము.